అక్షరాలు ఆఖర్న చదవండి

రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ ఫైటర్ విమానాల మోడల్ కిట్లు కొనేవాళ్లకి ఈ కాప్షన్ కొత్తేమీ కాదు: "కాక్‌పిట్ కింద ఉన్నది పైలట్ ప్రియురాలి పేరు." డెకాల్ షీటులో (మోడల్ మీద అతికించే గుర్తుల కాగితంలో) ఓ మూల ఒక్క వాక్యం, అంతే. ఆ పేరు ఏ ఫొటోలో చదివారో, ప్రియురాలని ఎవరు చెప్పారో, అసలు అది పేరేనని ఎలా తేల్చారో ఉండదు. తర్వాత వచ్చే పుస్తకం ఆ షీటు చూసి రాస్తుంది. ఆ పుస్తకం చూసి ఇంకో కంపెనీ ఇంకో షీటు వేస్తుంది. పదేళ్లు తిరిగేసరికి అది చరిత్ర అయి కూర్చుంటుంది.

నా వాదన చిన్నదే. విమానం మీది సొంత రాతను, అంటే పైలటో సిబ్బందో తమకు తాముగా రాసుకున్నదాన్ని, చదవడం అక్షరాలతో మొదలుపెట్టకూడదు. ఫొటోలో కనిపిస్తున్నది ఏ వైపు, ఫిల్ము ఏ రకం, ఏ రంగు పొర మీద ఏది ఉంది, ఆ రోజుకి ఆ విమానం ఏ దళానిది, ఇవి తేలాక అక్షరాలు ఆఖర్న రావాలి. వరస తిరగబడితే మనకి కావాల్సిన మాటే కనబడుతుంది. మసక మచ్చలో పేరు కోసం వెతికే కంటికి పేరు దొరక్కపోవడం అంటూ ఉండదు.

సొంత రాత కానివి

మొదటి పని తీసివేత. మెసర్‌ష్మిట్ 109 ఒంటి నిండా ఫ్యాక్టరీ వాళ్లు వేసిన సూచనలే. తోక దగ్గర "హీయర్ ఆన్‌హేబెన్", అంటే ఇక్కడ పట్టి ఎత్తాలి. రెక్కల మీద కాలు పెట్టకూడదన్న హెచ్చరికలు. పెట్రోలు మూత దగ్గర పసుపు త్రికోణం, అందులో 87 ఉంటే బీ4 ఇంధనం, 100 ఉంటే సీ3. ఇవి దాదాపు రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తు అక్షరాలు. దూరం నుంచి తీసిన ఫొటోలో ఒక గీతలాగా, మాట రాసినట్టే కనిపిస్తాయి. అందుకే ఆ మోడల్ స్టెన్సిల్ పటం పక్కన పెట్టుకుని, ఆ చోట ఫ్యాక్టరీ రాత ఏదీ ఉండదని తేలితేనే ముందుకు పోవాలి.

రెండోది, ఫ్యాక్టరీ నుంచి దళానికి చేరేదాకా విమానానికి ఉండే నాలుగక్షరాల గుర్తు. జర్మన్లు దాన్ని ష్టమ్‌కెన్‌జైఖెన్ అంటారు. సిలువ గుర్తుకి అటు రెండు, ఇటు రెండు అక్షరాలు, రెక్కల కింద మళ్లీ అవే. దళానికి చేరాక వాటి మీద రంగు కొట్టి సొంత నంబరు వేసుకుంటారు. కొత్తగా కొట్టిన రంగు చుట్టూ ఉన్న పాత రంగుతో కలవదు, ముదురు పలకలా తేలుతుంది. కొన్ని నెలలు ఎండకి వెలిస్తే అడుగు అక్షరం అంచులు పైకి కనిపిస్తాయి. వాటిని పైలట్ ఇనిషియల్స్‌గా చదివిన కాప్షన్లకి లోటు లేదు.

మూడోది దళం చిహ్నం. దీని దగ్గరే ఎక్కువమంది పడతారు. జేజీ 2 (జేజీ అంటే జర్మన్ ఫైటర్ దళం) మూడో ష్టాఫెల్ (దళంలో చిన్న విభాగం) విమానాల మీద చిన్న జెండా, దానిలో "హొరీడో" అన్న మాట ఉండేది. అది వేటగాళ్ల కేక. శత్రు విమానాన్ని కూల్చినప్పుడు పైలట్లు రేడియోలో అరిచేదీ అదే. జేజీ 51 రెండో గ్రుప్పె (కొన్ని ష్టాఫెళ్లు కలిసిన విభాగం) చిహ్నంలో రెక్క కింద గొడుగు పెట్టుకుని ఏడుస్తున్న కాకి, చుట్టూ "గాట్ ష్ట్రాఫె ఇంగ్లాండ్" (దేవుడు ఇంగ్లండును శిక్షించుగాక) అన్న మొదటి యుద్ధం నాటి నినాదం. ఇవేవీ ఒక మనిషి మాటలు కావు. పరీక్ష తేలిక: అదే దళంలో ఇంకో నంబరు విమానం మీద అదే మాట ఉంటే అది సొంత రాత కాదు.

రెండూ కలిసే చోట జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఎరిక్ హార్ట్‌మన్ విమానం మీది బాణం గుచ్చిన ఎర్ర గుండె ప్రేమ గుర్తని అందరూ అనుకుంటారు. ఆ గుండె జేజీ 52 తొమ్మిదో ష్టాఫెల్‌ది, హార్ట్‌మన్ ఆ ష్టాఫెల్ నాయకుడు. అతనిది అందులో రాసిన "ఉర్సెల్" అన్న పేరొక్కటే. ఆమె ఉర్సులా, 1944లో పెళ్లయింది. కాబట్టి ఆ దళం విమానం మీద ఖాళీ గుండె కనబడితే "పేరు చెరిగిపోయింది" అని రాయడం తప్పు. అసలు పేరే ఉండకపోవచ్చు.

ఎడమా, కుడా

109 కాక్‌పిట్ మూత కుడివైపుకి తెరుచుకుంటుంది. పైలట్ ఎడమ రెక్క మీదుగా ఎక్కుతాడు. ఫోకె-వుల్ఫ్ 190లో ఎక్కే మెట్టు కూడా ఎడమవైపే. అందుకే పైలట్ నిలబడి నవ్విన ఫొటోలు, మెకానిక్ పక్కన చేయి వేసిన ఫొటోలు, పత్రికల వాళ్లు తీసినవి, ఎక్కువ భాగం ఎడమవైపువే. మనకి కుడివైపు గురించి తెలిసింది చాలా తక్కువ. ప్రొఫైల్ బొమ్మలు వేసేవాళ్లు ఎడమవైపు పేరును కుడివైపుకి కూడా దించేస్తారు. అలా చేయకూడదనడానికి జేజీ 300లో ఎర్న్‌స్ట్ ష్రోడర్ నడిపిన 190 ఏ-8, ఎర్ర 19, ఒక్కటే చాలు. ఎడమవైపు "కోల్లె అలాఫ్!", కుడివైపు "ఎడెల్‌గార్డ్". ఒకటి ఊరి పండగ కేక, ఇంకోటి అమ్మాయి పేరు. ఎడమవైపు ఫొటో ఒక్కటే మిగిలి ఉంటే ఎడెల్‌గార్డ్ సంగతి మనకి ఎన్నటికీ తెలిసేది కాదు.

నెగటివ్ తిరగేసి ప్రింటు వేసిన ఫొటోలూ ఉంటాయి. స్పష్టమైన అక్షరాలైతే అద్దంలోలా తిరగబడి పట్టిస్తాయి, మసక అక్షరాలు పట్టించవు. వాటి కోసం యంత్రాన్ని చూడాలి. 109లో సూపర్‌ఛార్జర్ గాలి తీసుకునే గొట్టం ఎడమవైపు ఉంటుంది. పొడుగు ముక్కు 190 డీ-9లో కుడివైపు. గాలివేగం కొలిచే పీటో గొట్టం 109కి ఎడమ రెక్క, 190కి కుడి రెక్క. ఇవి సరిపోకపోతే ఫొటోను తిప్పాక మాత్రమే అక్షరాల మాట ఎత్తాలి.

ఎరుపు ఎప్పుడు నలుపవుతుంది

నలుపు-తెలుపు ఫిల్ములు అప్పట్లో రెండు రకాలు వాడుకలో ఉన్నాయి. ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకి ఎరుపు కనిపించదు. పాంక్రోమాటిక్‌కి అన్ని రంగులూ కనిపిస్తాయి. ఆగ్ఫా సరుకే తీసుకుంటే ఐసోక్రోమ్ మొదటి రకం, ఐసోపాన్ రెండోది. ఆర్థో ఫిల్ము మీద ఆర్‌ఎల్‌ఎం 23 (జర్మన్ వాయు మంత్రిత్వ శాఖ ఇచ్చిన రంగు నంబరు) ఎరుపు నల్లగా పడుతుంది. ఆర్‌ఎల్‌ఎం 04 పసుపు ఉన్నదానికన్నా బాగా ముదురుగా పడుతుంది. పొట్ట కింది లేత నీలం, ఆర్‌ఎల్‌ఎం 76, దాదాపు తెల్లబడుతుంది.

దీని వల్ల వచ్చే మొదటి నష్టం అందరికీ తెలుసు: ఎర్ర అక్షరాలను నల్లవని రాస్తారు. రెండోది ఎవరూ పట్టించుకోరు. ముదురు బూడిద-ఆకుపచ్చ మచ్చల మీద సన్నని ఎర్ర అక్షరాలు ఉంటే ఆర్థో ఫిల్ము మీద రెండూ ఒకే నలుపులో కలిసిపోయి అక్షరాలు మాయమవుతాయి. అంటే "ఈ ఫొటోలో రాత లేదు, కాబట్టి ఈ తేదీకి ఇంకా రాయలేదు" అన్న వాదన ఫిల్ము రకం తేలనంతవరకూ చెల్లదు. తేదీలు కట్టేటప్పుడు చాలామంది నిలబడేది ఈ వాదన మీదే, అదే బాధ.

ఫిల్ము రకం తేల్చడం కష్టం కాదు. ఫొటోలో నల్లగా నింపిన సిలువ ఉంటుంది, అది మన కొలబద్ద. ప్రథమ చికిత్స పెట్టె మూత మీది రెడ్‌క్రాస్ గుర్తు ఆ సిలువంత నల్లగా ఉంటే ఆర్థో, దానికన్నా కాస్త లేతగా ఉంటే పాన్. పెట్రోలు త్రికోణం పసుపని మనకి ముందే తెలుసు, దానితోనూ పోల్చొచ్చు. మనుషులుంటే ముఖాలు చూడాలి: ఆర్థోలో పెదాలు నల్లగా, ఎండకి కమిలిన చర్మం బాగా ముదురుగా, ఆకాశం సున్నం కొట్టినట్టు ఉంటాయి. పాన్ ఫిల్ముకి పసుపు ఫిల్టర్ పెట్టి తీస్తే ఆకాశం ముదురై, పసుపు అక్షరాలు తెల్లవాటిలా తేలతాయి. అది ఇంకో మోసం.

ఇందులో ఒక తమాషా కూడా ఉంది. జర్మన్ ఫైటర్ దళాల్లో నంబరు రంగును బట్టి ష్టాఫెల్ తెలుస్తుంది: ఒక్కో గ్రుప్పెలో మొదటిది తెలుపు, రెండోది ఎరుపు లేదా నలుపు, మూడోది పసుపు. ఎరుపును నలుపుగా చదివినా ష్టాఫెల్ మారదు, పరిశోధన ఎక్కడా అడ్డం తిరగదు. అందుకే ఈ పొరపాట్లు దశాబ్దాలపాటు బయటపడకుండా బతికిపోయాయి.

ఒక సెంటీమీటరు గీత లెక్క

"ఫొటోను పెద్దది చేసి చూశాం" అనేవాళ్లని ఒకటే అడగాలి: దేన్ని పెద్దది చేశారు?

109 పొడవు సుమారు 9 మీటర్లు. 35 మి.మీ. నెగటివ్‌లో విమానం మొత్తం 30 మి.మీ.లో పడిందనుకుందాం, స్కేలు 1:300. కాక్‌పిట్ కింద 8 సెం.మీ. ఎత్తు అక్షరాలు, కుంచె గీత మందం 1 సెం.మీ. నెగటివ్ మీద ఆ గీత 0.033 మి.మీ. ఆనాటి ఫిల్ము, లెన్సు, చేతి వణుకు అన్నీ కలుపుకుంటే అది చదవగలిగే హద్దు మీద ఉన్నట్టు. అంటే అసలు నెగటివ్ ఉంటే ఆశ ఉంది.

ఇప్పుడు అదే ఫొటో పుస్తకంలో విమానం 15 సెం.మీ. పొడవు వచ్చేలా అచ్చయిందనుకోండి. స్కేలు 1:60, గీత మందం 0.17 మి.మీ. మామూలుగా అంగుళానికి 150 లైన్ల స్క్రీన్‌తో వేసిన అచ్చులో ఒక చుక్కకీ ఇంకో చుక్కకీ దూరం కూడా 0.17 మి.మీ. గీత మొత్తం కలిపి ఒక్క చుక్క! అందులో "ఈ"నీ "సీ"నీ విడదీయడం దేవుడి వల్ల కూడా కాదు. పుస్తకం పేజీని 2400 డీపీఐతో స్కాన్ చేసినా చుక్కలు పెద్దవవుతాయి తప్ప అక్షరం పుట్టదు.

పాత ఆల్బముల్లో దొరికే 6×9 సెం.మీ. కాంటాక్ట్ ప్రింటు పుస్తకం అచ్చుకన్నా ఎంతో నయం. విమానం 8 సెం.మీ.లో పడితే గీత 0.09 మి.మీ. ఉంటుంది, చుక్కల స్క్రీన్ ఉండదు. గీత మందానికి కనీసం నాలుగు పిక్సెళ్లు కావాలని లెక్కేసుకుంటే ఆ ప్రింటుకి 1200 డీపీఐ, 35 మి.మీ. నెగటివ్‌కి 3200 పైన. 16 బిట్ టిఫ్‌గా దాచాలి. జేపెగ్ వద్దు, 8×8 పిక్సెళ్ల గడుల అంచులు సన్న అక్షరాల దగ్గర లేని గీతలు పుట్టిస్తాయి. షార్పెన్ చేస్తే గీతకి రెండు పక్కలా తెల్ల అంచు లేచి అక్షరం ఆకారమే మారినట్టు కనబడుతుంది. ఇక ఫొటోలను "మెరుగుపరిచే" ఏఐ యాప్‌ల సంగతి: అవి అక్షరాలను చదవవు, ఊహించి రాస్తాయి. అలాంటి ఫొటోని సాక్ష్యంగా చూపిస్తే అక్కడితో చర్చ ఆపేయడం మంచిది.

పలకల అతుకులు, రివెట్ల వరసలు, ఇంజను పొగ మరకలు అక్షరాల మీదుగా పోతాయి. అదే మోడల్ విమానం, రాత లేనిది, అదే కోణంలో ఉన్న ఫొటో పక్కన పెట్టుకోండి. రెండింటిలోనూ ఉన్న గీతలు లోహానివి. మిగిలినవే రంగువి.

విమానం ముక్క చేతికే దొరికితే పద్ధతి వేరు. ముందుగా వాలు వెలుతురు: దీపాన్ని పలకకి పది పదిహేను డిగ్రీల్లో పెడితే కుంచె గీతల మందం నీడ వేస్తుంది. తర్వాత ఇన్‌ఫ్రారెడ్: కార్బన్ నలుపు ఇన్‌ఫ్రారెడ్‌లోనూ నల్లగానే ఉంటుంది, దాని మీద కొట్టిన రంగులు కొన్ని పారదర్శకమవుతాయి, కాబట్టి మూసేసిన నల్ల అక్షరాలు బయటపడే వీలుంది. ఎర్ర అక్షరాలకి ఈ దారి అంతగా పనికిరాదు. అసిటోన్ లాంటివి ముట్టించకూడదు, పై పొరతో పాటు అక్షరం కూడా లేచొస్తుంది. చెరువుల్లోంచి తీసిన ముక్కల రంగు ఆరేకొద్దీ పొలుసులుగా రాలిపోతుంది, తడి ఆరకముందే ఫొటోలు తీసేయాలి. ఎమెరీ కాగితంతో మెట్లుమెట్లుగా గీకి పొరలు చూడడం ఆఖరి ఉపాయం. అదీ అక్షరాలకి దూరంగా, అంచున, సెంటీమీటరు వెడల్పులో.

ఎవరి చేతి రాత

ఇంత అయ్యాక అక్షరాలు. 1943లో ఇరవై, పాతికేళ్ల వయసున్న పైలట్, మెకానిక్ బళ్లో నేర్చుకున్న రాత చాలాచోట్ల ఇప్పటి రోమన్ కలిపిరాత కాదు. 1915 నుంచి ప్రష్యా బడుల్లో మొదలైన సుటెర్లిన్ రాత. 1941లో నాజీ ప్రభుత్వమే దాన్నీ, ఫ్రాక్టూర్ అచ్చు అక్షరాలనీ పక్కన పెట్టింది, కానీ అప్పటికే బడి దాటినవాళ్ల చేయి మారదు కదా. సుటెర్లిన్‌లో చిన్న "ఈ" మనం "ఎన్" అనుకునేలా ఉంటుంది. "యు" మీద చిన్న వంపు గీత పెడతారు, దాన్ని ఉమ్లౌట్ చుక్కలుగా (అచ్చు పలుకు మార్చే జంట చుక్కలుగా) చదివితే పేరే మారిపోతుంది. ఫ్రాక్టూర్‌లో పెద్ద "ఏ" "యు"లా, "కె" "ఆర్"లా కనిపిస్తాయి. "ఐ"కీ "జె"కీ ఒకే రూపం. అసలు ఉమ్లౌట్ చుక్కలు మరీ చిన్నవి కాబట్టి ఫొటోలో ముందుగా పోయేవి అవే.

ఆ చేయి పైలట్‌దే అని ఎందుకు అనుకోవాలి? కుంచె పట్టేది తరచు నేల మీది సిబ్బంది. విమానం బాగోగులు చూసే మెకానిక్, జర్మన్లు "ఎర్‌స్టర్ వార్ట్" అనేవాడు, ఆ యంత్రంతో పైలట్‌కన్నా ఎక్కువ గంటలు గడుపుతాడు. లారీ ముందు "శ్రావణి" అని ఉంటే అది డ్రైవరు కూతురా, ఓనరు కూతురా, పాత ఓనరు కూతురా అన్నది పేరు చెప్పదు. ఇక్కడా అంతే. పైగా విమానాలు చేతులు మారతాయి. ఒక దళం నుంచి ఇంకో దళానికి, అక్కడి నుంచి రిపేరు షెడ్డుకి, రెండు విమానాల ముక్కలు కలిపి ఒకటిగా బయటికి.

మార్సై అనే పైలట్ సంగతి చూడండి. పసుపు 14 అనగానే హాన్స్-యొఆఖిమ్ మార్సై, 109 ఎఫ్-4 ట్రోపికల్. 158 విజయాల గీతలున్న అతని విమానం రడ్డర్ (తోక చుక్కాని) బెర్లిన్-గాటో మ్యూజియంలో ఉంది. కానీ 1942 సెప్టెంబరు 30న అతను చనిపోయినప్పుడు నడుపుతున్నది కొత్తగా వచ్చిన జీ-2. గీతలు రడ్డర్‌తో పోతాయి, పేరు ఫ్యూజిలేజ్‌తో పోతుంది, మనిషి వేరే విమానంలో పోతాడు. రడ్డర్ విప్పి ఇంకో విమానానికి బిగించడం పెద్ద పనేం కాదు. గీతలు లెక్కపెట్టి ఫొటోకి తేదీ కట్టడం మంచి పద్ధతే, కానీ ఆ తేదీ రడ్డర్‌ది.

కాబట్టి పేరుకీ మనిషికీ మధ్య కాగితం కావాలి. తోక మీది వెర్క్‌నంబరు (ఫ్యాక్టరీ వరస నంబరు) చదవగలిగితే సగం పని అయినట్టే. లుఫ్ట్‌వాఫె (జర్మన్ వైమానిక దళం) క్వార్టర్‌మాస్టర్ జనరల్‌కి దళాలు పంపిన నష్టాల జాబితాల్లో తేదీ, చోటు, పైలట్, మోడల్, వెర్క్‌నంబరు, నష్టం శాతం ఉంటాయి. 60 శాతం, ఆపైన ఉంటే విమానం పోయినట్టే లెక్క. 1943 ఆఖరు దాకా ఇవి చాలావరకు మిగిలాయి, 1944వి చాలా భాగం లేవు. ఫ్రైబుర్గ్‌లోని జర్మన్ సైనిక ఆర్కైవ్‌లో దొరుకుతాయి. బ్రిటన్ గడ్డ మీద కూలినవాటికైతే ఆర్‌ఏఎఫ్ (బ్రిటిష్ వైమానిక దళం) సాంకేతిక నిఘా అధికారులు అక్కడికక్కడే చూసి రాసిన నివేదికలు లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. గుర్తులు, రంగులు కళ్లతో చూసి రాసినవి కాబట్టి ఫిల్ము మోసం ఉండదు. పైలట్ల ఫ్లైట్ లాగ్ పుస్తకాలు దొరికితే అంతకన్నా ఏం కావాలి.

యాస దేన్ని పట్టిస్తుంది

యాసను బట్టి పైలట్ ఊరు చెప్పేయడం చాలామందికి ఇష్టమైన ఆట. ష్రోడర్ విషయంలో అది పనిచేసింది. "కోల్లె అలాఫ్" కొలోన్ కార్నివాల్ కేక, అదీ అక్కడి యాసలోనే, మనిషీ ఆ వైపువాడే.

గెర్హార్డ్ బార్క్‌హార్న్ 109 మీద "క్రిస్టెల్" అన్న పేరులో చివరి "ఎల్"కి ముందు "ఈ" లేదు, సీహెచ్ఆర్ఐఎస్‌టీఎల్. అలా "ఎల్"తో ముగించడం దక్షిణాది, బవేరియా-ఆస్ట్రియా వైపు అలవాటు. బార్క్‌హార్న్ పుట్టింది తూర్పు ప్రష్యాలోని కోనిగ్స్‌బెర్గ్‌లో, ఆ యాసకి ఆమడ దూరం. పేరు అతని భార్యది. యాస పట్టించేది రాయించినవాణ్ణి కాదు, పేరున్న మనిషిని.

ఇంకా మంచి ఉదాహరణ జేవీ 44. 1945లో మ్యూనిక్-రీమ్‌లో గాలాండ్ జెట్ దళానికి కాపలా కాసిన కొన్ని 190 డీలు. జెట్లు దిగేటప్పుడు సొంత ఫిరంగులు కాల్చేయకుండా వీటి పొట్టకి ఎర్ర రంగు, తెల్ల చారలు. యుద్ధం అయ్యాక అమెరికన్ సైనికులు తీసిన ఫొటోల్లో వీటి కాక్‌పిట్ల కింద పెద్ద పెద్ద వాక్యాలే కనిపిస్తాయి. హైన్జ్ సాక్సెన్‌బెర్గ్ ఎర్ర 1 మీద, దక్షిణాది యాసలో: "ఫెర్‌కాఫ్ట్స్ మై గ్వాండ్, ఇ ఫోర్ ఇన్ హిమ్మెల్!" నా బట్టలు అమ్మేయండి, నేను స్వర్గానికి పోతున్నా! సాక్సెన్‌బెర్గ్ కుటుంబం ఎల్బె ఒడ్డున దెస్సావ్ వైపుది. మొదటి యుద్ధంలో పేరు మోసిన గాట్‌హార్డ్ సాక్సెన్‌బెర్గ్‌కి ఇతను మేనల్లుడో, అన్నదమ్ముల బిడ్డో అవుతాడు. బవేరియన్ మాత్రం కాదు. యాసను నమ్మి ఊరు వెతికితే ఇక్కడ వందల మైళ్లు పక్కకి పోతాం.

ఆ వాక్యం భావం కూడా తప్పే చదువుతున్నారు. యుద్ధం ఆఖరి వారాలు, ఓటమి ఖాయం, కాబట్టి ఇది చావుకి సిద్ధపడ్డవాడి మాట అని కాప్షన్లు. కానీ వియన్నా, బవేరియా వైపు ఇది సంతోషం పట్టలేనప్పుడో, నమ్మలేని సంగతి విన్నప్పుడో అనే సరదా నానుడి. చావు ధ్వని సాక్సెన్‌బెర్గ్ కావాలనే పెట్టుకుని ఉండొచ్చు, ఆ రోజుల్లో అది తట్టకుండా ఉంటుందా అని నాకూ అనిపిస్తుంది. అయినా నానుడి సంగతి చెప్పకుండా విషాదాన్ని మాత్రమే చెబితే చదివేవాళ్లని మోసం చేసినట్టే.

వాల్డెమార్ వుబ్‌కె ఎర్ర 3 మీద "ఇమ్ ఔఫ్‌ట్రాగె డెర్ రైష్‌బాన్", రైల్వే వారి తరఫున. "ఇమ్ ఔఫ్‌ట్రాగ్" అన్నది జర్మన్ ఆఫీసుల్లో సంతకం ముందు రాసే మామూలు మాట. విమానం మీద రైల్వే ఎందుకు? ఎక్కువగా చెప్పుకునే వివరణ, ఇతను చాలాసార్లు విమానం పోగొట్టుకుని రైలెక్కి దళానికి తిరిగొచ్చేవాడని. నవ్వొచ్చే కథ, మాటకి చక్కగా అతుకుతుంది కూడా. నాకు అనుమానం ఎక్కువయ్యేది సరిగ్గా అక్కడే. రాతను చూసి కథ పుట్టిందా, కథ వల్ల రాత పుట్టిందా అన్నది కథ చెప్పలేదు. అతని నష్టాల జాబితా పక్కన పెట్టి చూపించినవాళ్ల మాటకి ఒక విలువ, ఊరికే చెప్పినవాళ్లకి ఇంకో విలువ. మిగిలిన రెండు వాక్యాల్లో ఒకటి "తర్వాతి పెద్దమనిషి, అదే దొరసాని!" అంటుంది. ఇంకోటి ఇక్కడ తర్జుమా చేయలేనంత పచ్చి ద్వంద్వార్థం. వీటికి లోతైన అర్థాలు వెతకడం దండగ.

తర్జుమాలో కాలం కూడా అడ్డొస్తుంది. జేజీ 300లో ఒక 190 మీద "ముషి" అని ఉంది. ఇప్పటి నిఘంటువు చూస్తే బూతు. ఆ రోజుల్లో పిల్లినీ, ఇంట్లో ఆడవాళ్లనీ ముద్దుగా పిలిచే మాట. అదే దళంలో క్లాస్ బ్రెట్‌ష్నైడర్ ఎర్ర 1 మీద "రౌబౌట్స్ VII", అంటే మొరటోడు ఏడు. ఏడో విమానమని అర్థం చేసుకోవడం సబబే. ముందటి ఆరింటి ఫొటోలు దొరికితే బలపడుతుంది.

ఇంత పట్టుదల ఎందుకు

ఇంత కఠినంగా ఉంటే ఏమీ చెప్పలేం కదా అనేవాళ్లున్నారు. వాళ్ల వాదనలో బలం ఉంది. యుద్ధం తర్వాత బతికిన పైలట్లను అడిగి తెలుసుకున్నవి చాలా ఉన్నాయి, వాటిని తోసేయలేం. అయితే "ఇది మీ భార్య పేరా?" అని ఫొటో చూపించి అడిగితే నలభై ఏళ్ల తర్వాత ఎవరైనా అవునంటారు. "ఈ విమానం మీద ఏం రాసి ఉండేది?" అని ఫొటో చూపించకుండా అడిగితే వచ్చే జవాబు బంగారం.

రెండో అభ్యంతరం నాకు ఎక్కువ బరువుగా తోస్తుంది. అమ్మాయిల పేర్లు, గుండెలు, జోకులు వెతుక్కుంటూ పోతే ఆ విమానాలు ఎవరి కోసం ఎగిరాయో మరుగున పడుతుంది. నిజమే. "రౌబౌట్స్ VII" లాంటివాటి పని ఒక్కోదానిలో తొమ్మిది పది మంది ఉన్న అమెరికన్ బాంబర్లను దగ్గరికెళ్లి కాల్చడం. తోక మీద స్వస్తిక్ ఉంటుంది, కొన్ని దేశాల కిట్లలో దాన్ని తీసేసి అమ్ముతారు, అమ్మాయి పేరు మాత్రం ఉంచుతారు. నా మటుకు ఇది జాగ్రత్తగా చదవడానికి ఇంకో కారణమే. ప్రేమకథలన్నీ దాదాపు కాప్షన్ రాసినవాళ్లు కలిపినవే. లోహం మీద ఉండేది ఒక పేరు, అంతే.

మోడల్ చేసేవాళ్లకి చివరికి తేల్చుకోవాల్సింది మిగులుతుంది. 8 సెం.మీ. అక్షరం 1/32లో 2.5 మి.మీ., 1/48లో 1.7, 1/72లో 1.1 మి.మీ. వస్తుంది. చదవలేని రాతకి పేరు ఊహించి డెకాల్ అచ్చు వేయించే బదులు, ఫొటోలో ఉన్న పొడవు, ఎత్తు, వాలు కొలిచి, 1/72లో ఆ మేరకు సన్న కుంచెతో చదవడానికి వీల్లేని గీతలు దించేయొచ్చు. ఆ దూరం నుంచి అసలు ఫొటోలోనూ అంతే కనిపిస్తుంది. 1/32లో అది కుదరదు, గీతలు గీతల్లానే కనిపిస్తాయి. అప్పుడు రాత స్పష్టంగా ఉన్న విమానాన్నే ఎంచుకోండి. కుడివైపు ఫొటో లేకపోతే కుడివైపు ఖాళీగా వదిలేయండి.